గుప్తీకరించిన డిస్కు హెడరు చెడినచో బాగుచేయు విధము

భాషాల్పసంఖ్యాకుల పాఠశాలకు విద్యార్థుల పట్టిక ప్రాణాధారము. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, ఒక మాతృభాష కలవారు పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతియందు 10 మంది గాని ఉన్నచో, ప్రాథమిక దశలో ఆ భాషయందే బోధించు ఏర్పాటు జరుగవలెనని తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము ఆ ఆశయమునకు బలము చేకూర్చినది. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీన బీదరు జిల్లా, హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి, నేడు కర్ణాటకమనబడు మైసూరు రాష్ట్రమున చేరినది. కన్నడము, ఉర్దూ, మరాఠీ భాషల నడుమ తెలుగు చదువుకొను మన పిల్లలు ఎందరున్నారో లెక్క చూపుటకు ఈ పట్టికలే ఆధారము.

పూర్వము ఈ పట్టికలు ఇనుప బీరువాలో ఉండెడివి. ఇప్పుడు కంప్యూటరు డిస్కులో ఉండుచున్నవి. అందు పిల్లల పుట్టినతేదీలు, ఆధారు సంఖ్యలు, తలిదండ్రుల ఫోను సంఖ్యలు కూడ ఉండును గనుక, కంప్యూటరు దొంగలపాలైనను అవి పరుల కంట పడకుండ డిస్కును గుప్తీకరించుట మంచిది. అయితే తాళము వేసినవారు తాళము చెడినపుడు ఏమి చేయవలెనో కూడ ఎరిగియుండవలెను. గుప్తీకరించిన డిస్కు మొదట హెడరు అను చిన్న భాగ మొకటి గలదు. అది చెడినచో, వెనుకనున్న సమాచారము ఒక్క అక్షరమైనను చెరగకపోయినను, ఏమియు చదువ వీలుపడదు. ఈ హెడరు ఎట్టిది, ఎట్లు చెడును, కమాండు లైను నుండి దానినెట్లు బాగుచేయవచ్చును అను విషయములను పై తరగతుల విద్యార్థులకును, కంప్యూటరు వాడు తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇచట వివరించుచున్నాము. లినక్సు వ్యవస్థయందు వాడుకలోనున్న లక్స్ అను పద్ధతినే ఉదాహరణముగా గైకొందుము.

భోషాణము, భరిణెలు

డిస్కును గుప్తీకరించుట యనగా అందలి సమాచారము నంతటిని ఒక రహస్యసంఖ్య ననుసరించి మార్చివేయుట. ఆ సంఖ్యయే తాళపుచెవి. లినక్సునందు ఈ పని చేయు భాగమునకు డీఎం-క్రిప్ట్ అని పేరు. అది 2004లో వెలువడిన 2.6.4 కెర్నెలున చేర్చబడెను. మార్చు విధానము సాధారణముగా ఏఈఎస్. దానిని బెల్జియము దేశీయులగు ఇద్దరు శాస్త్రజ్ఞులు రూపొందింపగా, 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించినది. తాళపుచెవిని డిస్కులోనే క్షేమముగా దాచు లక్స్ అను అమరికను క్లెమెన్స్ ఫ్రూవిర్త్ అను నాతడు ఏర్పరచెను. దీనిని నడుపు ప్రోగ్రాము పేరు క్రిప్ట్‌సెటప్.

మనము టైపుచేయు పాస్‌వర్డే తాళపుచెవి యని పలువురు తలంచుచుందురు. అది నిజము కాదు. ఇంటిలో పెద్ద భోషాణమొకటి యున్నదనుకొనుడు. దానికి ఒకే తాళపుచెవి. ఆ చెవికి కొన్ని ప్రతులు చేయించి, ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క చిన్న భరిణెలో నుంచి, భరిణెలన్నిటిని భోషాణపు ముందరి అరలో పెట్టినారు. తండ్రి భరిణె ఒక రహస్యముతో తెరచుకొనును, తల్లి భరిణె వేరొక రహస్యముతో తెరచుకొనును. ఎవరి భరిణె తెరచినను లోపల దొరకునది ఒకే చెవి. లక్స్‌లో భోషాణపు చెవి యంత్రము తానై కల్పించిన సంఖ్య. భరిణెలకు కీస్లాట్లని పేరు. మన పాస్‌వర్డు భరిణెను మాత్రమే తెరచును. అందుచేతనే పాస్‌వర్డు మార్చుకొన్నపుడు డిస్కునంతటిని తిరిగి వ్రాయ నక్కరలేదు. ఈ ముందరి అరయే హెడరు. అర కాలిపోయినచో భోషాణము చెక్కుచెదరకున్నను తెరచుట అసాధ్యము.

రెండు విధములగు హెడరులు

లక్స్ మొదటి రూపమున కీస్లాట్లు 8. హెడరు మొదటి పత్రము 592 బైట్లు మాత్రమే. అందు లక్స్ అను నాలుగక్షరముల గుర్తు, మార్చు విధానము పేరు, సాల్టు అను యాదృచ్ఛిక సంఖ్య, డిస్కు గుర్తింపు సంఖ్య, ఏ భరిణె ఎచటనున్నది అను వివరము ఉండును. దీనికి రెండవ ప్రతి లేదు.

రెండవ రూపము 2017 డిసెంబరులో వచ్చిన క్రిప్ట్‌సెటప్ 2.0తో వెలువడినది. 2019లో వచ్చిన 2.1 నుండి క్రొత్తగా చేయు డిస్కులకు ఇదియే సహజముగా వాడబడుచున్నది. ఇందు 32 భరిణెల వరకు ఉండవచ్చును. హెడరు పత్రము రెండు ప్రతులుగా నుండును. ఒక్కొక్కటి సాధారణముగా 16 కిలోబైట్లు. ప్రతిదానిపై ఒక వరుససంఖ్యయు, తప్పు పడినదో లేదో తెలుపు చెక్‌సమ్‌యు ఉండును.

ఈ వరుససంఖ్య, చెక్‌సమ్‌ల ఉపయోగము మన భాషాచరిత్ర నెరిగినవారికి సులభముగా బోధపడును. సి. పి. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథమునకు పలు తాళపత్రప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి సరిచూపించెను. ఒక ప్రతిలో పురుగు తిన్నచోట మరియొక ప్రతి అక్కరకు వచ్చెను. క్రిప్ట్‌సెటప్ కూడ అట్లే రెండు ప్రతులను చదివి, చెక్‌సమ్ సరిపోయినదానిని గ్రహించి, రెండును సరిపోయినచో వరుససంఖ్య పెద్దదైనదానిని నమ్మును.

అయితే ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. రెండు ప్రతులుగా నుండునది హెడరు పత్రము మాత్రమే. భరిణెలున్న చోటు ఒక్కటియే. దానికి రెండవ ప్రతి లేదు. పైగా ప్రతి భరిణెలోని చెవిని లక్స్ 4000 ముక్కలుగా విస్తరించి వ్రాయును. 64 బైట్ల చెవి ఆ విధముగా 2,56,000 బైట్లగును. ముక్కలన్నియు సరిగా నున్నగాని చెవి తిరిగి కూడదు. పాత భరిణెను చెరిపివేసినపుడు ఎక్కడనో ఒక ముక్క మిగిలియున్నను దొంగకు ఉపయోగపడరాదని ఈ ఏర్పాటు. కాని దీని ఫలమునే మనమును అనుభవింపవలెను. ఆ 2,56,000 బైట్లలో కొన్ని చెడినను ఆ భరిణె ఇక తెరువబడదు.

హెడరు చెడు విధములు

డిస్కు పాతబడి చెడుట కంటె మానవుల తొందరపాటువలన చెడుటయే ఎక్కువ. క్రొత్త ఆపరేటింగు సిస్టము వేయునపుడు ఒక డిస్కుకు బదులు మరియొకటి ఎన్నుకొనుట ఒక కారణము. గుప్తీకరించిన పెన్‌డ్రైవును విండోస్ కంప్యూటరునకు తగిలించినపుడు, ఫార్మాటు చేయవలెనా యని అది అడుగును. ఎరుగక అవునని నొక్కుట రెండవది. డీడీ అను కాపీ కమాండులో చేరవలసిన డిస్కు పేరు తప్పు వ్రాయుట మూడవది. ఈ మూడింటను మొట్టమొదట దెబ్బతినునది డిస్కు మొదటి భాగము. హెడరు ఉండునది అచటనే.

ముందుగా చేయదగినవి, చేయరానివి

పాము కరచినవానిని పరుగెత్తింపరాదన్నట్లు, హెడరు చెడినదని అనుమానము కలిగిన డిస్కుపై ఏమియు వ్రాయరాదు. డిస్కు ఇంకను తెరచియే యున్నచో, అనగా ఫైళ్లు ఇంకను కనబడుచున్నచో, కంప్యూటరును ఆపరాదు, రీస్టార్టు చేయరాదు. తాళపుచెవి ఇంకను యంత్రపు జ్ఞాపకమున నున్నది. ఆపినంతనే అది పోవును. వెంటనే ఫైళ్లన్నిటిని వేరొక డిస్కునకు కాపీ చేసికొనవలెను. ఆ స్థితిలో ఇంతకంటె మంచి చికిత్స లేదు.

డిస్కు మూసియున్నచో మొదట దాని ముందుభాగమునకు ప్రతి తీయవలెను. ఇచట కమాండులను వినబడునట్లుగా తెలుగు లిపిలో ముద్రించుచున్నాము. యంత్రమున వానిని ఆంగ్లాక్షరములతో టైపుచేయవలెను. లక్స్‌డంప్, లక్స్‌హెడర్‌బ్యాకప్ వంటి మాటలలో డంప్, హెడర్, బ్యాకప్ అను భాగముల తొలి అక్షరములు పెద్దవి, తక్కినవి చిన్నవి. డిస్కు పేరు ఎస్‌డీబీ1 అనుకొందము.

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ1 ఓఎఫ్=మొదలు.ఐఎంజీ బీఎస్=1ఎం కౌంట్=32

ఇది మొదటి 32 మెగాబైట్లను ఒక ఫైలుగా వ్రాయును. డిస్కే శిథిలమగుచున్నచో డీడీరెస్క్యూ అను ప్రోగ్రాముతో డిస్కు నంతటిని కాపీచేసి, ఆ ప్రతిపై పనిచేయవలెను. చూచుట మాత్రమే కదా, ప్రతి యెందులకని అనుకొనరాదు. రెండవ రూపపు హెడరును చూడబోయినపుడు క్రిప్ట్‌సెటప్ తానే చెడిన ప్రతిని సరిచేసి వ్రాయవచ్చును. కనుక ముందు ప్రతి, తరువాత పరీక్ష.

రోగనిర్ణయము

సుడో క్రిప్ట్‌సెటప్ -వీ ఐజ్‌లక్స్ /డెవ్/ఎస్‌డీబీ1
సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్ /డెవ్/ఎస్‌డీబీ1

మొదటిది హెడరు ఉన్నదో లేదో చెప్పును. రెండవది అందలి వివరములను చూపును. వివరములన్నియు సవ్యముగా కనబడి, పాస్‌వర్డు మాత్రము అంగీకరింపబడనిచో రెండు సంగతులు విచారింపవలెను. ఒకటి, కీబోర్డు. తెలుగు, కన్నడము, ఆంగ్లము మూడును వాడు మనవంటివారి యంత్రములలో కీబోర్డు వేరొక భాషలో నుండి, ఒక అక్షరమునకు బదులు మరియొకటి పడుట సర్వసాధారణము. పాస్‌వర్డు కనబడదు గనుక తెలియదు. మొదట దానిని ఒక ఖాళీ పుటలో టైపుచేసి చూచి, చూచిన వెంటనే చెరిపివేయవలెను. రెండవది, భరిణె నిజముగా చెడియుండుట. అప్పుడు వేరొక భరిణె పాస్‌వర్డు ఉన్నచో దానిని ప్రయత్నింపవలెను.

హెడరే లేదని వచ్చినచో, చూచుచున్న చోటు సరియైనదో కాదో తెలిసికొనవలెను. డిస్కుల పేర్లు తగిలించిన వరుసను బట్టి మారుచుండును. నిన్నటి ఎస్‌డీబీ నేడు ఎస్‌డీసీ కావచ్చును. ఎల్ఎస్‌బీఎల్‌కే అను కమాండు అన్నిటిని పరిమాణములతో చూపును. పార్టిషను పట్టిక మాత్రమే చెరిగి, హెడరు పాతచోటనే క్షేమముగా నుండుటయు కలదు. పార్టిషనులు ఎక్కువగా 2048వ సెక్టారున మొదలగును గనుక అచట లక్స్ గుర్తు ఉన్నదేమో వెదుకవలెను. కనబడినచో పార్టిషనును అచటనుండియే తిరిగి ఏర్పరచిన చాలును.

చికిత్స

మొదటి సందర్భము: రెండవ రూపపు హెడరులో ఒక ప్రతి మాత్రమే చెడినది. ఇది తేలికపాటిది. మంచి ప్రతిని చూచి క్రిప్ట్‌సెటప్ చెడినదానిని తిరిగి వ్రాయును. కాని డిస్కు మొదట వేరొక ఫైలు వ్యవస్థ గుర్తు కనబడినచో, ఇది నిజముగా లక్స్ డిస్కేనా యని సందేహించి తానై వ్రాయదు. అప్పుడు మనమే ఆజ్ఞాపింపవలెను.

సుడో క్రిప్ట్‌సెటప్ రిపేర్ /డెవ్/ఎస్‌డీబీ1

మొదటి రూపపు హెడరులో పత్రమునందలి కొన్ని చిన్నలోపములను కూడ ఈ కమాండే సరిదిద్దును. కాని పోయిన సాల్టును గాని, చెడిన భరిణెను గాని కల్పింప దానికి శక్తి లేదు.

రెండవ సందర్భము: హెడరు పూర్తిగా పోయినది, కాని పూర్వము తీసిన బ్యాకప్ ఉన్నది. ఇట్టిచోట తొందరపడి బ్యాకప్‌ను డిస్కుపై వ్రాయరాదు. అందలి భరిణె మన పాస్‌వర్డుతో తెరచుకొనునా యని డిస్కును తాకకుండ ముందు పరీక్షింపవచ్చును.

సుడో క్రిప్ట్‌సెటప్ ఓపెన్ --టెస్ట్-పాస్‌ఫ్రేజ్ --హెడర్ హెడరు.ఐఎంజీ /డెవ్/ఎస్‌డీబీ1

తప్పు చూపకుండ ముగిసినచో పాస్‌వర్డు ఆ భరిణెను తెరచినదన్నమాట. అటుపిమ్మట ఇట్లు చేయవలెను.

సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌రిస్టోర్ /డెవ్/ఎస్‌డీబీ1 --హెడర్-బ్యాకప్-ఫైల్ హెడరు.ఐఎంజీ

యంత్రము హెచ్చరించి, సమ్మతి నడుగును. పెద్దయక్షరములతో యెస్ అని వ్రాసినగాని ముందుకు సాగదు. ఆ హెచ్చరికను చదువక దాటరాదు.

మూడవ సందర్భము: హెడరు పోయినది, బ్యాకప్ లేదు, కాని డిస్కు ఇంకను తెరచియున్నది. ఫైళ్లు కాపీ చేసికొనుట మొదటి పని యని పైన చెప్పితిమి. లక్స్ మొదటి రూపమైనచో డీఎంసెటప్ టేబుల్ --షోకీస్ అను కమాండు భోషాణపు చెవినే చూపును. నేర్పరులు దానితో క్రొత్త హెడరును కట్టగలరు. రెండవ రూపమున చెవి సాధారణముగా కెర్నెలు వేరొక చోట దాచుకొనును గనుక అది కనబడదు. అందువలన ఫైళ్ల కాపీయే శరణ్యము.

నాలుగవ సందర్భము: హెడరు పోయినది, బ్యాకప్ లేదు, డిస్కు మూసియున్నది. దీనికి చికిత్స లేదు. ఈ మాట కఠినమైనను తలిదండ్రులు తెలిసికొనియుండుట మేలు. 256 బిట్ల చెవికి గల అవకాశములను లెక్కించినచో 78 అంకెల సంఖ్య వచ్చును. లోకమందలి యంత్రములన్నియు కలిసి వెదకినను తరుగునది కాదు. పాస్‌వర్డు మనకు గుర్తున్నను, సాల్టు, భరిణె పోయిన తరువాత ఆ పాస్‌వర్డు వట్టి మాట. సొమ్ము తీసికొని తెరచి ఇచ్చెదమని చెప్పువారున్నచో, మిగిలిన హెడరు ఏదైన దొరకినదా యని ముందు అడుగవలెను. లేదన్నచో రూపాయి కూడ ఇయ్య నక్కరలేదు.

అభ్యాసము

విద్యార్థులు దీనిని నిజమైన డిస్కుపై గాక ఒక ఫైలుపై అభ్యసింపవచ్చును. ఎవరికిని నష్టము లేదు.

డీడీ ఐఎఫ్=/డెవ్/జీరో ఓఎఫ్=అభ్యాసము.ఐఎంజీ బీఎస్=1ఎం కౌంట్=64
సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌ఫార్మాట్ అభ్యాసము.ఐఎంజీ
సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ అభ్యాసము.ఐఎంజీ --హెడర్-బ్యాకప్-ఫైల్ హెడరు.ఐఎంజీ

ఇపుడు మొదటి 4096 బైట్లను బుద్ధిపూర్వకముగా చెరపవలెను.

డీడీ ఐఎఫ్=/డెవ్/జీరో ఓఎఫ్=అభ్యాసము.ఐఎంజీ బీఎస్=4096 కౌంట్=1 కాన్వ్=నోట్రంక్

చివరి మాట మరువరాదు. అది లేనిచో ఫైలు మిగిలిన భాగము కూడ తెగిపోవును. తరువాత లక్స్‌డంప్ చేసి చూచినచో రెండవ ప్రతి వలన హెడరు మరల నిలబడుట కనబడును. పిమ్మట ఇదే కమాండులో బీఎస్=1ఎం, కౌంట్=16 అని మార్చి చెరపినచో రెండు ప్రతులును, భరిణెలును పోవును. ఈసారి రిపేర్ కమాండు ఏమియు చేయజాలదు. లక్స్‌హెడర్‌రిస్టోర్ మాత్రము బ్యాకప్ నుండి అంతయు తిరిగి తెచ్చును. ఈ రెండు ప్రయోగములును చేసినవారికి బ్యాకప్ విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

బ్యాకప్ దాచు విధము

హెడరు బ్యాకప్ ఫైలు మిక్కిలి చిన్నది. రెండవ రూపమునకు సాధారణముగా 16 మెగాబైట్లే. దీనిని తీయుటకు నిమిషము పట్టదు. కాని ఎచట దాచవలెననునది ఆలోచింపదగినది. మన బీదరునందే 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా గలదు. అందు మూడువేల గ్రంథము లుండెనని చరిత్రకారులు చెప్పుదురు. పదునేడవ శతాబ్దాంతమున జరిగిన విస్ఫోటనమున ఆ కట్టడములో పెద్దభాగమే కూలిపోయెను. ఒకేచోట నున్న సంపదకు ఒకే ప్రమాదము చాలును. కావున హెడరు బ్యాకప్‌ను అదే డిస్కులో గాని, అదే కంప్యూటరుతో గాని ఉంచరాదు. ఒక పెన్‌డ్రైవులో నుంచి, వేరొక ఇంట భద్రపరచవలెను.

ఆ పెన్‌డ్రైవును కూడ కాపాడవలెను. బ్యాకప్ తీసిన నాటి పాస్‌వర్డు ఎవరికో తెలిసి, తరువాత మనము దానిని మార్చినను, పాత హెడరుతో ఆ పాత పాస్‌వర్డు పనిచేయుచునే యుండును. భరిణె మారినను భోషాణపు చెవి మారలేదు గదా. అందుచేత పాస్‌వర్డు మార్చినపుడెల్ల క్రొత్త బ్యాకప్ తీసి, పాతదానిని నాశనము చేయవలెను. రీఎన్‌క్రిప్ట్ అను కమాండుతో భోషాణపు చెవినే మార్చినచో పాత బ్యాకప్ ఎందుకును కొరగాదు. అప్పుడు క్రొత్తది తప్పనిసరి. ఇంతే గాక, పాస్‌వర్డు ఒక్కరి తలలోనే ఉండరాదు. లక్స్‌యాడ్‌కీ కమాండుతో రెండవ భరిణె నేర్పరచి, దాని పాస్‌వర్డును ముద్రవేసిన కవరులో బాధ్యుడగు వేరొకరి వద్ద నుంచుట మంచిది.

చివరగా, హెడరు బ్యాకప్ తాళమును కాపాడును గాని సొత్తును కాపాడదు. డిస్కే కాలిపోయినచో తాళము మిగిలి ఏమి లాభము? విద్యార్థుల పట్టికలకు, ఇంట పెద్దలు పాడగా రికార్డు చేసికొన్న తెలుగు పాటలకు, కుటుంబపు పత్రములకు వేరుగా సంపూర్ణమగు ప్రతి యొకటి ఉండవలెను. మన ప్రాంతమున తెలుగు వ్రాతలు తక్కువ. ఉన్నవానికి రెండవ ప్రతి లేనివి మరింత ఎక్కువ. గుప్తీకరించిన డిస్కు ఇంటనున్నవారు ఈ ఆదివారమే లక్స్‌హెడర్‌బ్యాకప్ ఒకమారు చేసి, అది తెరచుకొనునో లేదో పరీక్షించి, తేదీ వ్రాసి దాచిపెట్టుదురు గాక.